రిఫైనరీ సొమ్ము గ్యాస్ దారి పడితే



విశాఖపట్నంలో మల్కాపురం వైపు వెళ్లేవారికి హెచ్‌పీసీఎల్ రిఫైనరీని వేలు పెట్టి చూపించనక్కర్లేదు. పొడవాటి పొగగొట్టాలు, చివర వెలిగే మంట, గుండ్రటి గ్యాస్ గోళాలు చాలా దూరం నుంచే కనబడతాయి. 1957లో కాల్టెక్స్ కంపెనీ దీన్ని కట్టినప్పుడు తూర్పు తీరంలో ఇదే మొదటి చమురు శుద్ధి కర్మాగారం. అప్పట్లో ఏడాదికి 6 లక్షల 75 వేల టన్నుల ముడిచమురు శుద్ధి చేసేది. 1974లో హిందుస్తాన్ పెట్రోలియం, అంటే హెచ్‌పీసీఎల్, ప్రభుత్వ సంస్థగా ఏర్పడింది. 1978లో కాల్టెక్స్ రిఫైనరీ అందులో కలిసిపోయింది. ఆ తర్వాత విడతలు విడతలుగా పెరుగుతూ వచ్చి, ఇప్పుడు ఏడాదికి కోటిన్నర టన్నుల స్థాయికి చేరింది. ఈ చివరి విస్తరణ ఒక్కదానికే 26 వేల కోట్ల రూపాయల పైన ఖర్చయింది.

అదే హెచ్‌పీసీఎల్ దేశానికి ఆ చివరన, గుజరాత్‌లో గిర్ సోమనాథ్ జిల్లా ఛారా తీరంలో మరో రకం కట్టడం కట్టింది. అక్కడ ముడిచమురు దిగదు, పెట్రోలు తయారు కాదు. విదేశాల నుంచి ద్రవరూపంలో వచ్చే సహజవాయువును ఓడల నుంచి దింపుకొని, మళ్లీ వాయువుగా మార్చి పైపులైనులోకి పంపుతారు. ఏడాదికి 50 లక్షల టన్నుల సామర్థ్యం. మొదట ఇది షాపూర్జీ పల్లోంజీ గ్రూపుతో సగం సగం భాగస్వామ్యం. 2021లో ఆ సగాన్నీ కొనేసి హెచ్‌పీసీఎల్ దాన్ని పూర్తిగా తన చేతిలోకి తెచ్చుకుంది. పెట్రోలు, డీజిలు అమ్మకంతో పెరిగిన సంస్థ గ్యాస్ టెర్మినల్‌ను ఒంటరిగా నెత్తికెత్తుకోవడం చిన్న విషయం కాదు. ఇండియన్ ఆయిల్‌దీ ఇదే వరస. చెన్నై దగ్గర ఎన్నూరులో 2019లో గ్యాస్ టెర్మినల్ తెరిచింది. అక్కడి నుంచి తూత్తుకుడి దాకా పైపులైను పట్టింది. నగరాల్లో ఇంటింటికీ గ్యాస్ ఇచ్చే లైసెన్సుల కోసం ప్రభుత్వ రంగ చమురు సంస్థలన్నీ పోటీపడుతున్నాయి.

రిఫైనరీలు నడపడంలో ఆరితేరిన సంస్థలు గ్యాస్ వైపు ఎందుకు తిరుగుతున్నాయి? ఆ తిరిగిన సొమ్ము నిజంగా ప్రజల పొయ్యి దాకా, ఫ్యాక్టరీ దాకా చేరాలంటే ఏం కావాలి? ఈ రెండో ప్రశ్న మన తెలుగు నేలకు బాగా తెలిసిన ప్రశ్న. దీని జవాబుకు కోనసీమ చాలా ఖరీదు చెల్లించింది.

ముందు కారణాలు చూద్దాం.

ఒక బ్యారెల్ ముడిచమురు కొని, శుద్ధి చేసి, వచ్చిన సరుకుల విలువ లెక్కగట్టి, ఆ రెండింటి తేడా చూస్తే దాన్ని రిఫైనింగ్ మార్జిన్ అంటారు. రిఫైనరీ బతుకంతా ఆ తేడా మీదే. హెచ్‌పీసీఎల్‌కు 2022–23లో ఆ తేడా బ్యారెల్‌కు 12 డాలర్ల పైమాట. రెండేళ్లు తిరిగేసరికి, 2024–25లో, అది 6 డాలర్ల లోపుకు పడిపోయింది. ఇంకో విచిత్రం కూడా ఉంది. మార్జిన్ అంత బాగున్న 2022–23లోనే ఆ సంస్థ దాదాపు 9 వేల కోట్ల రూపాయల నష్టం చూపించింది. ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు ధర చుక్కలనంటితే, ఇక్కడ పెట్రోలు, డీజిలుకు చమురు సంస్థలు వేసే ధర 2022 ఏప్రిల్ నుంచి కదలకుండా నిలిచిపోయింది. శుద్ధి చేసినచోట లాభం, అమ్మినచోట నష్టం. సంవత్సరం చివర లెక్క చూస్తే నష్టమే మిగిలింది.

కొత్త రిఫైనరీ కట్టడం కూడా మునుపటి మాట కాదు. రాజస్థాన్‌లో అప్పటి బాడ్మేర్ జిల్లా పచ్‌పద్రాలో హెచ్‌పీసీఎల్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 90 లక్షల టన్నుల రిఫైనరీ తలపెట్టింది. మొదటి అంచనా 43 వేల కోట్లు. 2023 నాటికి ఆ అంచనా 72 వేల కోట్లు దాటింది. ఇంత సొమ్ము పోసి కట్టిన రిఫైనరీ నలభై, యాభై ఏళ్లు నడవాలి. అన్నేళ్ల తర్వాత కూడా రోడ్ల మీద ఇంత పెట్రోలు కాలుతుందా అన్నది ఇప్పుడు ఏ బోర్డు సమావేశంలోనైనా లేచే ప్రశ్నే. ఆటోలు, స్కూటర్లు, సిటీ బస్సులు ఒక్కొక్కటిగా కరెంటుకు మారుతున్న కాలం ఇది.

ఇంకొకటి, కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. దేశం వాడే మొత్తం ఇంధనంలో సహజవాయువు వాటా 6 శాతం దరిదాపుల్లో ఉంది. దాన్ని 2030 నాటికి 15 శాతానికి తేవాలన్నది ప్రకటన. ముడిచమురులో ఎనభై అయిదు శాతం పైగా మనం బయటి నుంచి కొంటున్నాం. గ్యాస్‌లో బయటి నుంచి కొనేది దాదాపు సగమే. పైగా కాల్చినప్పుడు గ్యాస్ నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో పోలిస్తే ఇంచుమించు సగం. అయితే కాలకుండా గాలిలోకి జారిపోతే అదే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి గ్యాస్ శుభ్రమైనదా కాదా అన్నది దాన్ని మోసుకెళ్లే గొట్టం ఎంత పకడ్బందీగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. రిఫైనింగ్ నుంచి గ్యాస్‌కు మారడమంటే రిఫైనరీలకు తాళం వేయడం కాదు. భారత్ పెట్రోలియం ఆంధ్ర తీరంలో రామాయపట్నం దగ్గర కొత్త రిఫైనరీకి ముందస్తు పనులు చేపడుతోంది. ఇండియన్ ఆయిల్ పానిపట్‌ను పెంచుతోంది. కొత్త రూపాయి ఎటు వెళ్తోందన్నదే ఇక్కడ విషయం. అదీగాక గ్యాస్‌కు తొలి పెద్ద గిరాకీ రిఫైనరీలే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్–6 ఇంధనం తప్పనిసరి అయింది. అందులో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించకూడదు. ఆ గంధకాన్ని తీసేయడానికి హైడ్రోజన్ కావాలి. నల్లటి బరువైన మడ్డిని డీజిలుగా విరగ్గొట్టడానికి ఇంకా ఎక్కువ హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను రిఫైనరీలోనే వచ్చే నాఫ్తా నుంచి తీయవచ్చు, సహజవాయువు నుంచీ తీయవచ్చు. గ్యాస్ అందితే నాఫ్తాను పెట్రోకెమికల్స్‌కు మళ్లించుకోవచ్చు. ఆ విధంగా గ్యాస్ మీద పెట్టే సొమ్ములో కొంత తిరిగి రిఫైనరీ లాభంలోనే కలుస్తుంది.

కానీ గ్యాస్ స్వభావం వేరు. పెట్రోలును ట్యాంకులో నింపి ఉంచుకోవచ్చు, లారీలో ఎక్కించి ఎక్కడికైనా పంపవచ్చు. ఒక బంకు కొనకపోతే ఇంకో బంకుకు తోలవచ్చు. సహజవాయువును ఓడలో తేవాలంటే సున్నా కింద 162 డిగ్రీల దాకా చల్లబరచాలి. అప్పుడు అది 600వ వంతుకు కుదించుకుపోయి ద్రవమవుతుంది, దాన్నే ఎల్‌ఎన్‌జీ అంటారు. తీరానికి వచ్చాక మళ్లీ వేడి తగిలించి వాయువు చేయాలి. అక్కడి నుంచి కొనేవాడి గేటు దాకా గొట్టమే శరణ్యం. ఓడ, రేవు, ట్యాంకు, పెద్ద పైపులైను, ఊళ్లోని చిన్న పైపులు, చివర కొనేవాడు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవన్నీ ఖాళీగా పడి ఉంటాయి. రిఫైనరీ ఒక కోట గోడ లోపల పూర్తయ్యే పని. గ్యాస్ అలా కాదు. వందల ఊళ్ల పొలాల కిందుగా సాగితేనే పూర్తవుతుంది.

ఈ మాట నిజమని చూపే ఉదాహరణ కొచ్చి. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, ఓఎన్‌జీసీ, గెయిల్ కలిసి పెట్టిన పెట్రోనెట్ ఎల్‌ఎన్‌జీ 2013లో అక్కడ 50 లక్షల టన్నుల టెర్మినల్ పూర్తిచేసింది. ఖర్చు 4 వేల కోట్ల పైచిలుకు. టెర్మినల్ సిద్ధం, ఓడలు సిద్ధం. గ్యాస్‌ను తీసుకెళ్లే పైపులైను మాత్రం లేదు. కొచ్చి నుంచి మంగళూరు దాకా 450 కిలోమీటర్ల గొట్టం కేరళ పొలాల మధ్య, ఇళ్ల మధ్య వేయాలి. భూమి ఇవ్వబోమని జనం అడ్డం తిరిగారు. జనసాంద్రత ఎక్కువ ఉన్నచోట వాళ్ల భయం అర్థంలేనిదేమీ కాదు. ఆ లైను 2021 జనవరిలో గాని ప్రారంభం కాలేదు. ఆ ఏళ్లన్నీ టెర్మినల్ సామర్థ్యంలో పదో వంతు వాడినా గొప్పే అన్నట్టు గడిచింది. అదే సంస్థ దాహెజ్‌లో 2004లో కట్టిన టెర్మినల్ మాత్రం దేశంలోనే అతి పెద్దదిగా, నిండుగా నడిచింది. గుజరాత్‌లో అప్పటికే పైపులైన్లు, గ్యాస్ వాడే ఫ్యాక్టరీలు ఉన్నాయి. కట్టింది ఒకే సంస్థ, దిగిన సరుకూ ఒకటే. తేడా అంతా గొట్టంలో ఉంది.

ఇక ఛారా సంగతి. 2024 ఏప్రిల్‌లో తొలి ఓడ వచ్చింది. సరుకు దించలేక తిరిగి వెళ్లింది. ఆ తర్వాత వానాకాలం. అరేబియా సముద్రం మీద నైరుతి పవనాల కాలంలో అలల తాకిడికి ఓడ జెట్టీ దగ్గర నిలకడగా నిలవలేదు. దానికి అడ్డుగా సముద్రంలో రాళ్లతో కట్టే గోడ ఉండాలి, బ్రేక్‌వాటర్ అంటారు. టెర్మినల్ తయారయ్యే నాటికి ఆ గోడ తయారు కాలేదు. చివరికి 2025 జనవరిలో టెర్మినల్ మొదలైంది గాని, బ్రేక్‌వాటర్ పూర్తయ్యే దాకా వానాకాలం నెలల్లో ఓడలు రావడానికి వీల్లేదు. మహారాష్ట్రలోని దాభోల్ టెర్మినల్‌కూ సరిగ్గా ఇదే జరిగింది. 2013లో మొదలైన ఆ టెర్మినల్ బ్రేక్‌వాటర్ సగంలో ఆగిపోయి ఏళ్లతరబడి ప్రతి వానాకాలం మూతబడింది. కళ్లముందు దాభోల్ ఉండగా ఛారాలో మళ్లీ అదే వరసలో పనులు జరగడం బాధ కలిగించే విషయం. వేల కోట్లు పెట్టిన యంత్రం ఏడాదిలో మూడో వంతు కాలం పడుకుంటే ఆ భారం చివరికి గ్యాస్ ధర మీదే పడుతుంది.

హెచ్‌పీసీఎల్‌కు గ్యాస్‌లో తొలి పాఠం నిజానికి తెలుగు గడ్డ మీదే దొరికింది. 2011లో మల్లవరం నుంచి భోపాల్, విజయ్‌పూర్ మీదుగా భిల్వాడా దాకా వెళ్లే మహా పైపులైనుకు అనుమతి వచ్చింది. కాకినాడ దగ్గర మల్లవరం నుంచి తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా దాదాపు 2 వేల కిలోమీటర్లు. గుజరాత్ ప్రభుత్వ పైపులైను సంస్థకు పెద్ద వాటా, ఇండియన్ ఆయిల్‌కు 26 శాతం, భారత్ పెట్రోలియంకు, హెచ్‌పీసీఎల్‌కు చెరో 11 శాతం. కృష్ణా–గోదావరి సముద్ర గర్భంలో గ్యాస్ ఉప్పొంగుతుందన్న నమ్మకంతో గీసిన గీత అది. ఆ నమ్మకం నిలబడలేదు. గీసిన దానిలో మిగిలింది కుంచనపల్లి నుంచి రామగుండం దాకా వేసిన 365 కిలోమీటర్ల ముక్క.

ఆ ముక్క అయినా వృథా పోలేదు. రామగుండంలో ఒకప్పుడు బొగ్గుతో నడిచే ఎరువుల కర్మాగారం ఉండేది. ఎన్నో ఇబ్బందులు పడి 1999లో మూతపడింది. రెండు దశాబ్దాల తర్వాత ఈ పైపులైను ద్వారా గ్యాస్ రావడంతో కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా దాని సామర్థ్యం. కరీంనగర్, వరంగల్ రైతు దుకాణంలో కొనే యూరియా బస్తా వెనక ఆ గొట్టం ఉంది.

మరి కృష్ణా–గోదావరి గ్యాస్ ఏమైంది? 2009 ఏప్రిల్‌లో రిలయన్స్ డీ–6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైంది. ఏడాది తిరిగేసరికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అంత గ్యాస్ వస్తుందన్న భరోసాతో కొండపల్లి, వేమగిరి, గౌతమి, కోనసీమ అంటూ విద్యుత్ కేంద్రాలు లేచాయి. బ్యాంకులు అప్పులిచ్చాయి. 2013 నాటికి ఉత్పత్తి నాలుగో వంతుకు జారింది. టర్బైన్లు ఆగిపోయాయి. 2015లో కేంద్రం ఇలా గ్యాస్ లేక నిలిచిపోయిన కేంద్రాలకు దిగుమతి గ్యాస్‌పై రాయితీ పథకం పెట్టినప్పుడు, దేశంలో వాటి మొత్తం సామర్థ్యం 14,305 మెగావాట్లు. అందులో గణనీయమైన వాటా ఆంధ్రదే. కొన్ని కంపెనీలు దివాలా కోర్టు గడప తొక్కాయి. ఆ తర్వాత రిలయన్స్ 2020 డిసెంబరు నుంచి మరింత లోతు సముద్రంలో కొత్త క్షేత్రాలు తెరిచి ఉత్పత్తిని తిరిగి పెంచింది. కానీ మూతపడ్డ ఆ విద్యుత్ కేంద్రాల కథ మారలేదు. కొత్త గ్యాస్ ధర వాటి లెక్కకు అందదు.

ఈ సముద్రంలోనే ప్రభుత్వ సంస్థలూ చేతులు కాల్చుకున్నాయి. గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థ 2005లో ఇక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించింది. నిపుణుల ఆమోదం దానిలో పదో వంతు దరిదాపులకే వచ్చింది. దాదాపు 20 వేల కోట్లు ఖర్చయ్యాక 2017లో ఆ బ్లాకులో 80 శాతాన్ని ఓఎన్‌జీసీ సుమారు 7,738 కోట్లకు కొనవలసి వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో ఓఎన్‌జీసీ 36,915 కోట్లు పోసి హెచ్‌పీసీఎల్‌లో కేంద్రం వాటా 51 శాతాన్నీ కొనుక్కుంది. అప్పటి నుంచి గ్యాస్ తవ్వే సంస్థ తల్లి, చమురు శుద్ధి చేసే సంస్థ పిల్ల. తల్లికి కాకినాడ తీరం దూరాన లోతు సముద్రపు 98/2 బ్లాకు ఉంది. ఏళ్ల ఆలస్యం తర్వాత 2024 జనవరి 7న అక్కడ తొలి చమురు పైకి వచ్చింది. ఆ బ్లాకు గ్యాస్ ఓడలరేవు తీరానికి చేరుతుంది. మరి పిల్ల మాత్రం గుజరాత్ తీరంలో విదేశీ గ్యాస్ దించుకుంటోంది. తల్లి తవ్విన గ్యాస్‌ను పిల్ల తన రిఫైనరీకి, తన నగర గ్యాస్ వ్యాపారానికి ఎంతవరకు కలుపుకోగలదన్నది ఈ కొనుగోలులో అడగవలసిన ప్రశ్న. కాకినాడ నుంచి విశాఖ మీదుగా శ్రీకాకుళం దాకా పైపులైనుకు 2014లోనే అనుమతి ఉంది. ఆ పని ఏళ్లూ పూళ్లూ సాగింది. గంగవరంలోనూ, కాకినాడలోనూ ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్లు కడతామని వేర్వేరు సంస్థలు ముందుకొచ్చి వెనక్కి తగ్గాయి. తూర్పు తీరంలో ఇప్పుడు నడుస్తున్నవి తమిళనాడులో ఎన్నూరు, ఒడిశాలో ధామ్రా. మధ్యలో ఇంత పొడవైన ఆంధ్ర తీరం ఖాళీ.

ధర గురించి కూడా ఒక్క మాట. 2020 వేసవిలో కరోనా కాలంలో ఆసియా మార్కెట్లో మిలియన్ బీటీయూ ఎల్‌ఎన్‌జీ 2 డాలర్లకే దొరికింది. 2022లో అదే కొలతకు 50 డాలర్లు దాటింది. రష్యాకు చెందిన గాజ్‌ప్రోమ్‌కు అంతకుముందు జర్మనీలో అనుబంధంగా ఉన్న సంస్థ గెయిల్‌కు ఒప్పుకున్న సరుకు పంపడం ఆపేసింది. జరిమానా కట్టి సరుకు ఎగ్గొట్టడమే వాళ్లకు లాభమైంది. మన ఎరువుల కర్మాగారాలకు, సిరామిక్ బట్టీలకు ఆ దెబ్బ తగిలింది. దేశం దిగుమతి తగ్గించుకుంది. అందుకే ఇప్పుడు సంస్థలు దీర్ఘకాలపు ఒప్పందాలకు వెళ్తున్నాయి. 2023లో ఇండియన్ ఆయిల్ అబుదాబి నుంచి ఏడాదికి 12 లక్షల టన్నుల చొప్పున 14 ఏళ్లకు ఒప్పందం చేసుకుంది. కతార్ గ్యాస్ కోసం పెట్రోనెట్ 2024 ఫిబ్రవరిలో మరో ఇరవై ఏళ్ల ఒప్పందం రాసుకుంది. దేశీయ గ్యాస్‌కు కిరీట్ పారిఖ్ సంఘం సిఫారసు మీద 2023 ఏప్రిల్ నుంచి పాత క్షేత్రాల ధరను ముడిచమురు ధరలో పదో వంతుకు కట్టి, 4 డాలర్లు అడుగు, 6.5 డాలర్లు పైహద్దు పెట్టారు. సీఎన్‌జీ ఆటో నడిపేవారికి ఆ హద్దే కొంత ఊరట.

ఇంతదాకా చెప్పిన నష్టాలన్నీ డబ్బు నష్టాలు. ఇక డబ్బుతో తీరని నష్టం గురించి మాట్లాడాలి.

1995 జనవరి 8. కోనసీమలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ పందొమ్మిదో బావిలో గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నింది. అంటుకున్న మంట ఆకాశాన్నంటింది. కొబ్బరి తోటల మధ్య రాత్రిళ్లు పగలైపోయాయి. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేశారు. విదేశాల నుంచి నిపుణులు వచ్చి ఆ మంటను అదుపు చేసేసరికి మార్చి 15 అయింది. రెండు నెలలకు పైగా. కోనసీమలో వయసు మళ్లినవారిని అడిగితే ఇప్పటికీ ఆ మంట ఏ దిక్కున కనబడేదో చేయి చాపి చూపిస్తారు.

2014 జూన్ 27 తెల్లవారుజామున జరిగింది అంతకన్నా ఘోరం. తాటిపాక పక్కనే ఉన్న నగరం గ్రామం. తాటిపాకలో ఓఎన్‌జీసీకి గ్యాస్ సేకరణ కేంద్రం ఉంది. అక్కడే ఏడాదికి 66 వేల టన్నుల చిన్న రిఫైనరీ కూడా ఉంది. రిఫైనింగూ గ్యాసూ ఒకే ఊళ్లో గోడ పక్కన గోడగా ఉన్న అరుదైన చోటు అది. అక్కడి నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే గెయిల్ పైపులైను, 18 అంగుళాల గొట్టం, కారింది. గ్యాస్ నేలబారుగా ఊరంతా పరుచుకుంది. అంతలో ఎక్కడో నిప్పు రాజుకుంది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు, పశువులు మాడిపోయాయి.

విచారణలో తేలింది ఏమిటి? ఆ గొట్టం పొడి గ్యాస్ కోసం వేసింది. అందులో నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్ పంపారు. తేమను తీసేసే ఏర్పాటు పెట్టలేదు. లోపలి నుంచి ఇనుము తుప్పు పట్టి పలచబడింది. అంతకుముందే చిన్న చిన్న లీకులు కనబడ్డాయి, అతుకులు వేసి సరిపెట్టారు. అది ఆకస్మిక ప్రమాదం కాదు. ఏళ్ల తరబడి పోగుపడిన నిర్లక్ష్యం. విద్యుత్ కేంద్రానికి గ్యాస్ చాలక తంటాలు పడుతున్న కాలంలో, ఉన్న గ్యాస్‌ను మోసే గొట్టాన్ని పట్టించుకోని ఫలితం.

రిఫైనరీ అపాయమూ విశాఖకు తెలుసు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్‌లో ఎల్‌పీజీ లీకై పేలి దాదాపు 60 మంది చనిపోయారు. అయితే రిఫైనరీకి ప్రహరీ ఉంటుంది, లోపల అగ్నిమాపక దళం ఉంటుంది, ఎక్కడ ప్రమాదమో అందరికీ తెలుసు. పైపులైను ప్రమాదం ఎవరి పొలం కింద ఉందో ఆ పొలం యజమానికి కూడా తెలియకపోవచ్చు. సంస్థలు సొమ్మును రిఫైనరీ నుంచి గ్యాస్‌కు మళ్లించినప్పుడు అపాయం కూడా ప్రహరీ దాటి ఊళ్లలోకి వస్తుంది. దాన్ని పట్టుకునే పనివాళ్లు, పరికరాలు, డబ్బు కూడా అదే లెక్కలో మళ్లాలి. గొట్టం లోపల నడిచి మందాన్ని కొలిచే పరికరాలు ఉన్నాయి, వాటిని పిగ్ అంటారు. తుప్పు ఎక్కడ మొదలైందో అవి ముందే చెబుతాయి. వాడితేనే చెబుతాయి.

ఇక చివరి లంకె, వంటింటి పొయ్యి. హెచ్‌పీసీఎల్, గెయిల్ కలిసి 2003లో భాగ్యనగర్ గ్యాస్‌ను స్థాపించాయి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో సీఎన్‌జీ బంకులు, ఇంటి గ్యాస్ గొట్టాలు దానివే. ఉభయ గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ సంస్థ ఏర్పడినప్పుడు రాష్ట్ర గ్యాస్ సంస్థతో పాటు హెచ్‌పీసీఎల్ భాగస్వామి. కృష్ణా–గోదావరి గ్యాస్ గుజరాత్ దాకా 14 వందల కిలోమీటర్లు ప్రయాణించిన చాలా కాలానికి గాని అది పుట్టిన జిల్లాల్లో ఇంటి గ్యాస్ పని ఊపందుకోలేదు. కోనసీమలో బావుల పక్కనే ఉండే ఇల్లాలు సిలిండరు బుక్ చేసుకొని ఎదురుచూసిన రోజులు చాలా ఉన్నాయి. ఆ సిలిండరులో ఉండే ఎల్‌పీజీలో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చిందే.

నగర గ్యాస్ లైసెన్సు తీసుకున్న సంస్థ ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇస్తుందో, ఎన్ని సీఎన్‌జీ బంకులు తెరుస్తుందో, ఎంత గొట్టం వేస్తుందో ఏడాదివారీగా పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలికి మాట ఇస్తుంది. మాట తప్పితే కట్టిన బ్యాంకు గ్యారంటీలోంచి కోత పడుతుంది. అంటే ఇంటికి గొట్టం రాకపోతే ఫలానా సంస్థ ఫలానా ఏడాదికి ఎన్ని కనెక్షన్లు ఇస్తానందో పట్టణ సంఘాలు, అపార్టుమెంటు సంఘాలు లెక్క చూసి అడగవచ్చు. అలాగే గొట్టం తమ ఊరి కిందుగా పోతున్నవారికి ఆ గొట్టాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఏం తేలిందో తెలుసుకునే హక్కు ఉండాలి. కనెక్షన్ల లెక్క అడిగే వీలు ఇప్పటికే ఉంది. గొట్టం పరీక్ష నివేదికను గ్రామపంచాయతీ నోటీసు బోర్డు మీద, తెలుగులో, ప్రతి ఏడాదీ అంటించాలన్న నిబంధనను నియంత్రణ మండలి పెట్టగలదు. దానికి కొత్త టెర్మినలూ అక్కర్లేదు, వేల కోట్లూ అక్కర్లేదు. తాటిపాక, నగరం, పాశర్లపూడి, ఓడలరేవు పంచాయతీల నుంచి అది మొదలుకావాలి.